కోసి పంచిన కోడి

మొన్న సంక్రాంతి సెలవులకి మా మేనల్లుడు నర్సీపట్నం బస్సు దిగినప్పుడు వాడి చంకలో ఒక గోనెసంచి ఉంది. సంచికి చిల్లు ఉంది. ఆ చిల్లులోంచి ఎర్రగా, నీలంగా, ముడతలు పడిన మెడ ఒకటి బయటికొచ్చి అందర్నీ చూస్తోంది. బస్సు దగ్గరున్న పిల్లలు ముందు భయపడ్డారు, తర్వాత వెంటపడ్డారు. మా ఇంటి దాకా వచ్చేసరికి పాతికమంది పోగయ్యారు.

"ఏట్రా ఇది? నెమలా, కోడా?" అని అడిగింది మా పెద్దత్త.

"టర్కీ కోడి మామ్మా. ఎనిమిది కేజీలు. కనుమ నాడు దీన్ని ముక్క కొట్టకుండా మొత్తంగా కాల్చేద్దాం."

"ముక్క కొట్టకుండా పదిమందికి ఎలా పెడతావురా?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ ప్రశ్నకి జవాబు కనుమ నాడు మాకందరికీ దొరికింది. అదే ఇక్కడ రాస్తున్నాం.

మాది కొయ్యూరు మండలంలో మంప వైపు వెళ్ళే దారిలో ఉన్న చిన్న ఊరు. మేమిద్దరమూ భీమిలిలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఇరవై ఏళ్ళుగా కొండల మీది బళ్ళలోనే చెబుతున్నాం. మేనల్లుడు పది చదివి ఆపేశాడు. ఎంత చెప్పినా ఇంటర్‌లో చేరలేదు. ఇప్పుడు పర్యాటకులు వచ్చే రోడ్డు మీద ఒక హోటల్లో వంట చేస్తున్నాడు. వాడి పని బొంగులో కోడి చెయ్యడం. చిన్నప్పుడు పొలం దగ్గర, పశువుల కాపలా దగ్గర వాడు ఆటగా నేర్చుకున్న వంట అది.

ఆ రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని అసలు సంగతి చెప్పాడు. క్రిస్మస్‌కి ఎవరో పెద్దవాళ్ళు ఆ హోటల్లో మొత్తం టర్కీ కోడి కావాలని ఆర్డరిచ్చారట. ఓవెన్లో పెట్టి ఎర్రగా కాల్చి పెద్ద పళ్ళెంలో తెచ్చి పెడితే అందరూ లేచి నిలబడి ఫోటోలు తీసుకున్నారట.

"మావయ్యా, నేను బొంగు తిప్పుతుంటే నా తలకి ఈకలు కట్టి నా ఫోటో తీసుకుంటారు. ఆ కోడికి మాత్రం కోడి ఫోటోయే తీసుకున్నారు. వండినోడెవడని ఒక్కడూ అడగలేదు. నాకదే నచ్చింది. వంట చూసి మెచ్చుకుంటే చాలు కదా."

ఈకలు కట్టే అలవాటు మా ఊళ్ళో ఎవరికీ లేదు. అది ఆ హోటలు యజమాని ఆలోచన. వాడికి అది ఎంత కష్టంగా ఉందో మాకు అంతకుముందు తెలీదు. నవ్వుతూ చెప్పాడు గానీ చెబుతూ చెబుతూ పొయ్యిలో పుల్లని విరిచేశాడు.

వాడి ఆలోచన ఏమిటంటే, సొంతంగా రోడ్డు పక్కన ఒక చిన్న పాక వేసుకోవాలి. అందరూ అమ్మే బొంగుకోడి కాకుండా, నిప్పుల మీద మొత్తంగా కాల్చిన పెద్ద కోడి పెట్టాలి. కనుమ నాడు ఊళ్ళో చేసి చూపించి, ఫోటోలు తీసి ఫోన్లో పెట్టాలి. దానికోసం సగం నెల జీతం పెట్టి మైదానంలో ఒక ఫారం నుంచి ఆ కోడిని కొన్నాడు.

మర్నాడు పిల్లలు దాని చుట్టూ చేరి ప్రశ్నలు. అది టర్కీ దేశం నుంచి ఎలా వచ్చింది, విమానంలోనా అని. టీచర్ల ఇంటికి వచ్చిన కోడి కదా, పాఠం తప్పదు. మాకు తెలిసింది చెప్పాం.

పేరే టర్కీ గానీ ఆ కోడి టర్కీ దేశానిది కాదు. టర్కీవాళ్ళు దాన్ని 'హిందీ' అంటారు, అంటే మన దేశానిదని. ఫ్రెంచివాళ్ళు పిలిచే పేరుకి కూడా మూలం 'ఇండియా కోడి' అనే. మన దేశంలోనేమో దానికి టర్కీ అని పేరు. జహంగీరు చక్రవర్తికి 1612లో గోవా నుంచి ఈ కోడిని తెచ్చి చూపిస్తే, ఇలాంటిది ముందెప్పుడూ చూడలేదని ఆశ్చర్యపడి ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. అసలు ఇది అమెరికా ఖండం అడవుల పక్షి. ఇప్పటి మెక్సికో ప్రాంతంలోని మూలవాసులు రెండు వేల ఏళ్ళకి ముందే దీన్ని మచ్చిక చేసుకున్నారు. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళు యూరపుకి తీసుకుపోయారు. దాన్ని పెంచి లోకానికి ఇచ్చినవాళ్ళ పేరు తప్ప మిగిలిన దేశాల పేర్లన్నీ దానికి అంటుకున్నాయి.

మన కోడి కథ కూడా చెప్పాం. ఊళ్ళల్లో తిరిగే నాటుకోడికి మూలపురుషుడు ఎర్ర అడవికోడి. తెల్లారకముందు కొండ మీద కూసేది అదే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవికోడిని పట్టడం ఇప్పుడు నేరం. మా తాతలు వల వేసి పట్టేవాళ్ళని కథగా చెప్పుకోవాలే తప్ప వల వెయ్యకూడదని కూడా చెప్పాం.

పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది: "మరి అమెరికావాళ్ళు ఏ పండక్కి దీన్ని తింటారు మేష్టారూ?"

క్రిస్మస్‌కీ తింటారు, కానీ పెద్ద పండగ నవంబరులో వచ్చే థాంక్స్ గివింగ్. దాని వెనక చెప్పే కథ 1621లో ప్లిమత్ అనే చోట జరిగిన విందు. ఓడలెక్కి కొత్తగా వచ్చిన ఇంగ్లీషువాళ్ళు ముందు చలికాలంలో సగం మంది చచ్చిపోయారు. అక్కడి వాంపనోగ్ ప్రజలు వాళ్ళకి మొక్కజొన్న వెయ్యడం నేర్పారు. పంట చేతికొచ్చాక జరిగిన విందుకి తొంభైమంది వాంపనోగ్ మనుషులు వచ్చారు. అయిదు జింకల్ని కొట్టి తెచ్చారు. ఆ రోజుల్లో రాసిన ఉత్తరంలో జింకల మాట ఉంది, అడవిపక్షుల మాట ఉంది. టర్కీ కోడి పేరు లేదు. 1863లో అబ్రహాం లింకన్ దాన్ని దేశమంతా జరుపుకోమని ప్రకటన చేశాడు. ఇప్పుడు బల్ల మధ్యలో పెద్ద కోడి ఉంటుంది. కానీ 1621 తర్వాత యాభై ఐదేళ్ళు తిరక్కుండానే అదే నేల కోసం యుద్ధం జరిగి వాంపనోగ్ ఊళ్ళు నాశనమయ్యాయి. అందుకే 1970 నుంచి అక్కడి మూలవాసులు కొందరు అదే రోజున ప్లిమత్‌లో చేరి దుఃఖదినం పాటిస్తున్నారు.

"అన్నం పెట్టినోళ్ళనే కొట్టీసేరా?" అంది ఆ అమ్మాయి.

అవునని చెప్పాం. ఇంకేం చెప్పాలో వెంటనే తోచలేదు. మాది కొయ్యూరు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టినా, కట్టె తెచ్చినా, వెదురు నరికినా తప్పయిన నేల ఇది. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను మీద దాడితో మొదలైన పోరాటం మా కొండల్లోనే రెండేళ్ళు నడిచింది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని మంప దగ్గర పట్టుకుని కొయ్యూరు తెచ్చి కాల్చి చంపారు. ఆయన పేరు జిల్లాకి పెట్టారు, మంచిదే. గాం గంటందొర, మల్లుదొరల పేర్లు కూడా పిల్లలకి చెబుతాం. కానీ ఆ దండు రెండేళ్ళు అడవిలో తిరిగితే రాత్రిపూట ఏ ఇంటి పొయ్యి మీద గంజి కాగింది? ఏ తల్లి ఆకులో అన్నం కట్టి ఇచ్చింది? మేము ఇరవై ఏళ్ళు చెప్పిన పాఠంలో ఆ మాట ఎప్పుడూ రాలేదు. అన్నం పెట్టినవాళ్ళ కథ వాళ్ళే చెప్పుకోకపోతే ఇంకొకరు చెబుతారు, అప్పుడు బల్ల మీద కోడి ఉంటుంది గానీ జింకల్ని తెచ్చినవాళ్ళు కనబడరు.

ఇక కనుమ సంగతి.

తెల్లవారి మంచు ఇంకా కొండ దిగలేదు. మేనల్లుడు అప్పటికే కోడిని కోసి, వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకి, పసుపు రాసి, గడ్డిమంట మీద నూగు కాల్చేశాడు. లోపల శుభ్రం చేసి ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించాడు. రెండు పంగలకర్రలు పాతి, ఇనుప ఊచకి కోడిని గుచ్చి మధ్యలో వేలాడదీశాడు. కింద ఎండు కట్టెలు పేర్చి మంట వేశాడు. చూడ్డానికి బాగుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అరగంటకి పైతోలు నల్లబడింది. కొవ్వు కారి మంటలో పడి మంట ఇంకా ఎగిసింది. గంటకి రెక్కల చివర్లు బొగ్గయిపోయాయి. వాడు తొడ దగ్గర కత్తితో గాటు పెట్టి చూస్తే లోపల నెత్తురు. ఇంకా కట్టెలు వేశాడు. పైన ఇంకా మాడింది, లోపల అలాగే ఉంది. ఎముక దగ్గర చెయ్యి పెడితే చల్లగా తగులుతోంది.

ఇందులో వింత ఏమీ లేదు. మందం రెండింతలైతే వేడి నడిమధ్యకి చేరడానికి రెండింతల సమయం చాలదు, దాదాపు నాలుగింతలు కావాలి. కేజీన్నర నాటుకోడికి చాలిన మంట ఎనిమిది కేజీల కోడికి చాలదు. మంట పెంచితే పైభాగం మాడుతుంది తప్ప లోపలికి వేడి తొందరగా పోదు. పైగా రొమ్ము మాంసం తొందరగా ఎండిపోతుంది, కాలి మాంసంలో నరాలు మెత్తబడాలంటే ఎక్కువసేపు పడుతుంది. ఒకే కోడిలో రెండు రకాల వంట. లోపల 74 డిగ్రీల వేడి చేరకుండా తింటే రోగక్రిములు చావవు, పిల్లలకి విరేచనాలు పట్టుకుంటాయి. ఓవెన్ ఉన్నవాళ్ళు తక్కువ వేడిలో మూడు నాలుగు గంటలు పెట్టి గట్టెక్కుతారు. మాకున్నది పంగలకర్రలూ మంటా.

పదకొండయింది. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. పెద్దత్త కర్ర ఊతంగా లేచి వచ్చింది.

"మంట సూపిస్తే కోడి మాడతాది, ఉడకదు. కట్టెలు తీసీ. నిప్పు మీద ఉంచు. కాళ్ళూ, తొడలూ, రెక్కలూ ఇప్పుడే కోసీ. అయి బొంగులో పెట్టీద్దాం."

వాడు కదల్లేదు. కత్తి పట్టుకుని కోడి వంకే చూస్తున్నాడు.

"కోసేస్తే ఇంకేటుంది మామ్మా? ఇదీ మన పద్ధతిలోనే ముక్కలు కొట్టి బొంగులో కుక్కాలా? మనకి ఒక్కటైనా గొప్పగా చెయ్యటం రాదా?"

అందరూ మాట్లాడ్డం మానేశారు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ అని తుడుచుకున్నాడు. మేము ఏదో సర్ది చెప్పబోయాం, పెద్దత్త చెయ్యెత్తి ఆపింది.

"గొప్ప ఎవుడికి సూపిత్తావురా? ఊరంతా ఆకులేసుకుని కూకున్నారు. కాలో చెయ్యో కొయ్యకుండా ఆళ్ళకేటి పెడతావ్? ఫోటో కావాలంటే ముందు ఫోటో తీసుకో. తరవాత కొయ్యి."

వాడు కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఫోను తీసి మా చేతిలో పెట్టి, కత్తి తీసుకుని తొడ కీలు దగ్గర ఒక్క కోత కోశాడు. వంటవాడు కదా, చెయ్యి తిరిగిన కోత అది. ఫోటో తియ్యలేదు.

అక్కడి నుంచి పని చకచకా సాగింది. కుర్రాళ్ళు పచ్చి వెదురు నరుక్కొచ్చారు. బొంగులో కోడికి ఎండు వెదురు పనికిరాదు, మాంసం ఉడికేలోపు అదే కాలిపోతుంది. పచ్చి బొంగు గోడలో ఉన్న నీరే మాంసాన్ని మాడకుండా కాపాడుతుంది. ఆ నీరు ఇగిరేలోపు లోపలి ముక్కలు వాటి రసంలో అవే ఉడికిపోతాయి. నూనె చుక్క అక్కర్లేదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు. అడుగున కణుపు ఉండాలి, పైన తెరిచి ఉండాలి. ముక్కల్ని కూరి, మూతి దగ్గర కొంచెం ఖాళీ ఉంచి అడ్డాకులు చుట్టి బిగించాలి. వాలుగా నిప్పుల మీద పెట్టి తిప్పుతూ ఉండాలి. మూతి దగ్గర ఆకుల్లోంచి ఆవిరి, రసం బుసబుసలాడుతూ వస్తే అయిపోవచ్చిందని గుర్తు. నాటుకోడికైతే ముప్పావుగంట. ఈ కోడి తొడకి గంట దాటింది.

మధ్యలో ఒక కుర్రాడు రెండువైపులా కణుపులున్న బొంగుముక్కని సరదాగా మంటలో పడేశాడు. అది తుపాకి పేలినట్టు పేలింది. నిప్పులు ఎగిరాయి, కుక్కలు పారిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, మూసి ఉన్న బొంగులో గాలీ ఆవిరీ వ్యాకోచిస్తే ఏమవుతుందో ఆ తరగతికి మళ్ళీ చెప్పక్కర్లేదు.

రొమ్ముభాగాన్ని ఎముకతోనే ఉంచి, మంట పూర్తిగా తీసేసి, నిప్పుల సెగకి జానెడు ఎత్తున పెట్టి మేనల్లుడే తిప్పుతూ కూర్చున్నాడు. మధ్యమధ్య అడ్డాకు కప్పాడు. గంటన్నరకి మాడిన తోలు ఒలిచేస్తే లోపల తెల్లగా, మెత్తగా ఉడికింది. పీచు పీచుగా విడిపోయింది. వాడి మొహంలో అప్పుడు మొదటిసారి నవ్వు కనబడింది.

పంపకం పెద్దత్తది. మా ఊళ్ళో వేట ఉన్న రోజుల్లో పంపకం ఎలా జరిగేదో ఆమె చిన్నప్పుడు చూసింది. వెళ్ళినవాడికీ వాటా ఉండేది, వెళ్ళలేనివాడికీ ఉండేది. కోడికి కూడా అదే లెక్క పెట్టింది. పంతొమ్మిది ఇళ్ళు, పంతొమ్మిది అడ్డాకులు. కళ్ళు కనబడని తాతకి మెత్తటి రొమ్ము మాంసం. బాలింతకి బొంగు అడుగున ఊరిన రసం. చర్చికి వెళ్ళే రెండు కుటుంబాలు కనుమ చెయ్యవు, అయినా వాళ్ళ ఆకులు కూడా వరసలో ఉన్నాయి. క్రిస్మస్‌కి వాళ్ళు ఊరందరికీ పెట్టారు మరి. నిప్పు పేల్చిన కుర్రాడికి మెడముక్క ఇచ్చి "పేలకుండా తిను" అంది. చివరి ఆకు మేనల్లుడిది. అందులో ఏ ముక్క ఉందో మేము చూడలేదు.

ఒక్కొక్కరికీ వచ్చింది నాలుగైదు ముక్కలే. కూరా అన్నం ఎవరింటివి వాళ్ళకి ఉన్నాయి. కానీ ఆ నాలుగు ముక్కల గురించి వారంపాటు మాట్లాడుకున్నారు. కొంచెం ముతకగా ఉందన్నారు, నాటుకోడంత రుచి లేదన్నారు, బొంగులో పెట్టిందే బాగుందన్నారు. తినని ఇల్లు లేదు.

రాత్రి మేనల్లుడితో మళ్ళీ కూర్చున్నాం. పాక సంగతి ఎత్తింది వాడే.

"బొంగుకోడే పెడతాను మావయ్యా. కానీ ఈకలు కట్టను."

అయితే లెక్కలు చూడమన్నాం. బొంగు ఒక్కసారికే పనికొస్తుంది. రోజుకి ఇరవై కోళ్ళు అమ్మితే ఇరవై బొంగులు. సీజనంతా ఒకే పొద మీద పడితే ఆ పొద మిగలదు. పెద్దలు పొదకి ఒకటో రెండో నరికి వేరే పొదకి పోయేవారు, ఆ ఏడు పుట్టిన పిలకని ముట్టుకునేవారు కాదు. 2006 అటవీ హక్కుల చట్టంలో వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చారు, వాటి మీద హక్కు అడవిలో బతికేవాళ్ళదని రాశారు. హక్కు మనదైనప్పుడు ఎంత నరకాలో, ఎక్కడ ఆపాలో కూడా గ్రామసభలో మనమే అనుకోవాలి. పెరట్లో, గట్ల మీద వెదురు నాటుకోవాలి. ఇవన్నీ విని వాడు తలూపాడు.

బోర్డు మీద ఏం రాయాలన్న దగ్గర ఆగాం. 'ట్రైబల్ చికెన్' వద్దన్నాడు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మధ్యప్రదేశ్‌లో భిల్లులు పెంచే కడక్‌నాథ్ కోడికి ఝాబువా పేరుతో 2018లో వచ్చింది, అలా ఊరి పేరు ఉంటే మంచిదని మేము అన్నాం. అంత పెద్ద గుర్తింపు సంగతి తర్వాత, ముందు మా ఊరి పేరూ, "ఇది మా మామ్మ చెప్పిన పద్ధతి" అన్న మాటా రాస్తానన్నాడు. ఎవరు ఆగి అడిగినా ఆ కథ చెబుతానన్నాడు. పాక ఇంకా వెయ్యలేదు. డబ్బు చాలలేదు. ఇప్పటికీ ఆ హోటల్లోనే చేస్తున్నాడు. ఈకలు మాత్రం కట్టనని చెప్పేశాడట. యజమాని రెండు రోజులు మొహం ముడుచుకుని ఊరుకున్నాడట.

సెలవుల తర్వాత బడి తెరిచాక అయిదో తరగతి పిల్లల్ని "మా పండగ వంట" అని రాయమన్నాం. ఇది చదివే టీచర్లు కూడా ఒకసారి రాయించి చూడండి. అరిసెల గురించి పుస్తకంలో ఉన్న వాక్యాలు రాస్తారనుకున్నాం. చోడి అంబలి రాశారు, చింతచిగురు రాశారు, ఎవరి ఇంట్లో ఎవరు వండారో పేర్లతో సహా రాశారు. నిప్పు పేల్చిన కుర్రాడు ఎప్పుడూ రెండు వాక్యాలు దాటడు. ఈసారి అయిదు రాశాడు:

"మా ఊరికి టర్కీ కోడి వచింది. అది కాలలేదు. మామ్మ కోయించింది. అందరికీ వచింది. నాకు మెడ వచింది."

మేము దిద్దింది ఒక్క ఒత్తు మాత్రమే.